14 లక్షల వ్యూస్, 19 ఆర్డర్లు

కోనసీమ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. కుదించి ఇస్తున్నాను. మాటలు మాత్రం చాలావరకు ఆవిడవే.

“మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. నాకు 36 ఏళ్లు. మా అత్తయ్య 30 ఏళ్లుగా పూతరేకుల కోసం రేకులు తీస్తున్నారు. ఇదివరకు రేకులు వందల లెక్కన కొట్లకి వేసేవాళ్లం. మనమే చుట్టి అమ్ముకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయని మూడేళ్ల కిందట నేను మొదలుపెట్టాను. పది పూతరేకుల పెట్టెకి ఖర్చులన్నీ పోను 80 రూపాయలు మిగులుతుంది. కిందటేడాది మావారు ‘పద్ధతిగా చేద్దాం’ అని ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీకి 45 వేలు కట్టారు. ఇన్‌స్టాగ్రామ్ పేజీ వాళ్లే తెరిచారు. ఒక కుర్రాడొచ్చి అత్తయ్య కుండ మీద రేకు తీస్తుంటే వీడియో తీసి పెట్టాడు. దాన్ని 14 లక్షల మంది చూశారు. వారం రోజులు ఇంట్లో పండగే. తీరా ఆ నెల కొత్తగా వచ్చిన ఆర్డర్లు 19. అందులో ఏడు పెట్టెలు పొడిపొడిగా చేరాయి, డబ్బు వెనక్కిచ్చాం. ఆ తర్వాత రెండు రోజుల్లో ఫాలోవర్లు 3 వేల నుంచి 22 వేలయ్యారు. కానీ ఇప్పుడు ఏం పెట్టినా 200 మంది కూడా చూడట్లేదు.

ఏడాదికి 1,20,000 కడితే మళ్లీ లేపుతామంటున్నారు. నన్నూ, పదో తరగతి చదివే మా అమ్మాయినీ ట్రెండింగ్ పాటలకి డాన్స్ చేసి పెట్టమంటున్నారు. పాస్‌వర్డ్ అడిగితే ‘అగ్రిమెంట్ అయ్యాక చూద్దాం’ అంటున్నారు. మావారు కట్టేద్దామంటారు. అత్తయ్య చూస్తే నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆ వీడియో కింద ‘ముసలామె చేతులు కడుక్కుందో లేదో’ అని ఎవరో రాసింది మా అమ్మాయి నవ్వుతూ చదివి వినిపించింది. ‘నా చేతులు లోకానికి చూపించి అమ్ముకుంటున్నావు’ అన్నారు. మళ్లీ కుండ దగ్గర ఫోన్ కనపడితే లేచిపోతున్నారు. నా నోట్‌బుక్‌లో రాసుకున్న పాతవాళ్లు 312 మంది ఉన్నారు. పండగలకి వాళ్లే అడుగుతారు, వాళ్లతోనే బండి నడుస్తోంది. సోషల్ మీడియా మాలాంటివాళ్లకి పనికిరాదా? మానెయ్యాలా, కట్టెయ్యాలా?”

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట 14 లక్షలు కాదు. చివరి పేజీలో దారినపోతూ అన్నట్టు రాసిన 312. ఒకసారి కొని, తిని, మళ్లీ అడిగే 312 మంది పేర్లు, ఫోన్ నంబర్లు మీ చేతిరాతతో మీ దగ్గరున్నాయి. ఆ ఏజెన్సీ లక్షా ఇరవై వేలకి కూడా అలాంటి జాబితా తెచ్చివ్వలేదు. మీ ప్రశ్నను నేను ఈ నోట్‌బుక్ దగ్గర్నుంచే చూస్తాను.

ముందు ఆ 14 లక్షల సంగతి. వ్యూస్ అంటే మనుషులు కాదు, సార్లు. ఒకరే నాలుగుసార్లు చూస్తే నాలుగు. అదీగాక రీల్ ఎవరికి వెళ్లిందన్నది చూడాలి. 2020 జూన్ నెలాఖరులో టిక్‌టాక్‌ను మనదేశంలో నిషేధించారు, పది రోజులు తిరక్కుండా ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ మొదలుపెట్టింది. ఆ రీల్స్ పని చూసేవాణ్ణి కదలకుండా కూర్చోబెట్టడం. కొనిపించే బాధ్యత దానికి లేదు. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ అలా పరిచి ఇలా లాగగానే కాగితంలాంటి పొర లేచివస్తుంటే ఏ భాషవాడైనా నోరు తెరుచుకుని చూస్తాడు. పాట్నాలో కుర్రాడు చూస్తాడు, ఇండోనేషియాలో ఆవిడా చూస్తుంది. వాళ్లకి పూతరేకు తినాలని ఉండదు, వింత చూడాలని ఉంటుంది. పేజీ మీ చేతికొచ్చాక ఇన్‌సైట్స్‌లోకి వెళ్తే చూసినవాళ్లది ఏ దేశమో, ఫాలోవర్లు ఎక్కువగా ఏ ఊళ్లవాళ్లో తెలుస్తుంది. హైదరాబాద్, విశాఖ, బెంగళూరు పైవరసలో లేకపోతే 19 ఆర్డర్లు రావడం కూడా గొప్పే.

రెండోది, రెండు రోజుల్లో 19 వేలమంది పెరగడం. ఇది నా అనుమానమే సుమా, కానీ గట్టి అనుమానం: వాళ్లను కొన్నారు. మీరే పరీక్షించుకోవచ్చు. ఫాలోవర్ల జాబితా తెరిచి వరసగా ఓ యాభై పేర్లు నొక్కండి. ఫొటో లేదు, ఒక్క పోస్టూ లేదు, పేరు అక్షరాలూ అంకెలూ కలగాపులగం, కానీ తను మాత్రం ఏడు వేలమందిని ఫాలో అవుతున్నాడు. ఇలాంటివి ముప్పై తేలితే ఇక తేల్చాల్సిందేం లేదు. ఇదేదో ఉత్తి అలంకారమే కదా అనుకోకండి, నష్టం ఉంది. మీరు పెట్టింది ఫాలోవర్లలో కొందరికి చూపించి, వాళ్లు ఆగి చూస్తున్నారా లేదా అన్నది కూడా ఆ యాప్ లెక్కలోకి తీసుకుంటుంది. లేని మనుషులు చూడరు గదా. 200 దాటకపోవడానికి కారణం మీ వీడియోలు బాగాలేకపోవడం కాకపోవచ్చు.

ఇక పాస్‌వర్డ్. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. మీ ఇంటి వసారాలో, మీ అత్తగారి చేతులతో తీసిన వీడియో ఉన్న పేజీకి తాళంచెవి వాళ్ల దగ్గర ఉండటమేంటి? కొట్టుకి రంగులు వేయడానికి వచ్చినవాడు కొట్టు తన పేరున రాయించుకున్నట్టుంది. చిన్న వ్యాపారులు ఎంతోమంది ఇలాగే ఇరుక్కుంటున్నారు. ఖాతా తెరిచేటప్పుడు ఏజెన్సీ తన మెయిల్, తన ఫోన్ నంబరు ఇచ్చేస్తుంది, మనం అడగం.

మీ ముందు మూడు దార్లున్నాయి.

కట్టెయ్యడం ఒకటి. మీవారిని నేను తప్పుపట్టను. పోయిన 45 వేలు పోయినట్టే ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం, ఇంకొంచెం పెడితే ఆ డబ్బుకీ అర్థం వస్తుందనిపిస్తుంది. కానీ మీరిచ్చిన లెక్కే వేద్దాం. పెట్టెకి 80 మిగిలితే 1,20,000 తీరడానికి 1,500 పెట్టెలు అమ్మాలి. అవి కూడా ఇప్పుడు అమ్మేవాటికి అదనంగా. మీ 312 మందీ తలా అయిదు పెట్టెలు కొన్నా ఫీజుకే సరి, మీకు మిగిలేది ఒళ్లునొప్పులు. ఏజెన్సీలన్నీ ఇలాంటివే అనను. పెట్టాలనే మీవారి పట్టుదలైతే మూడు అడగమనండి: పేజీ మొదటి రోజునుంచే మన మెయిల్ మీద ఉండాలి, ఏడాదికి కాకుండా నెలనెలా కట్టేలా ఉండాలి, నెలాఖరు రిపోర్టులో లైకులు కాకుండా వాట్సాప్‌కి ఎన్ని ఎంక్వైరీలొచ్చాయో రాయాలి. వీటికి ఒప్పుకునేవాడితో మాట్లాడొచ్చు. నసిగేవాడికి నమస్కారం పెట్టి వచ్చెయ్యాలి.

రెండోది పాత పేజీ వెనక్కి తెచ్చుకోవడం. ఫోన్లో మాట్లాడకండి, వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి: ఫలానా తేదీలోగా పేజీకి ఉన్న మెయిల్, ఫోన్ నంబరు మార్చి మావి పెట్టండి అని. 45 వేలు కట్టిన రసీదు కూడా జతచేయండి. కొందరు ఇక్కడే ఇచ్చేస్తారు. ఇస్తే అదే పూట పాస్‌వర్డ్ మార్చి, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే తాళం) పెట్టి, ఇంకెవరి ఫోన్‌లో లాగిన్ అయి ఉందో చూసి అన్నీ తీసెయ్యండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. వ్యాపారం కోసం తీసుకున్న సేవ గదా అని వాళ్లు అడ్డం తిరగొచ్చు గానీ, సొంత జీవనోపాధికి చేసుకునే పనికి వినియోగదారుల చట్టంలో చోటుంది. అయితే ఇందులో మీ కాలం, మనశ్శాంతి రెండూ ఖర్చవుతాయి. గెలిచి తెచ్చుకున్నా ఆ 19 వేల దెయ్యాలు వెంటే వస్తాయి. ఒక్కొక్కర్నీ తీసేసుకోవచ్చు, పండగ సీజన్లో ఆ పని మీకు రాసిపెట్టి లేదు.

మూడోది కొత్త పేజీ. 14 లక్షల వ్యూస్ ఉన్న వీడియో పోతుందని మీ ప్రాణం కొట్టుకోవచ్చు. కానీ ఆర్డర్లన్నీ మీ సొంత నంబరుకే వస్తున్నాయని ఉత్తరంలో ఇంకోచోట రాశారు. అంటే పేజీ పోయినా కొనేవాళ్లెవరూ పోలేదు. నన్నడిగితే రాతపూర్వకంగా ఒక్కసారి అడిగి, పది రోజులు చూసి, ఇవ్వకపోతే కొత్తది తెరుస్తాను. మీ పట్టుదల వేరేలా ఉండొచ్చు, అది మీ ఇష్టం.

ఏ దారి పట్టినా, డబ్బులు పెట్టకుండా ఈ వారమే చేసుకోగలిగేవి కొన్నున్నాయి. మీ నంబరును వాట్సాప్ బిజినెస్‌లోకి మార్చుకోండి. ఉచితమే, పాత సంభాషణలు కూడా వస్తాయి. అందులో లేబుల్స్ అని ఉంటాయి. ‘డబ్బు రావాలి’, ‘చుట్టాలి’, ‘పంపేశాను’ అని మూడు పెట్టుకుంటే రాత్రి పదకొండింటికి ఎవరిది మిగిలిందో అని వెతుక్కోనక్కర్లేదు. క్విక్ రిప్లైస్‌లో ధరలు, కొరియర్ చార్జీ, ఎన్నాళ్లు నిలవుంటాయి అన్నవి ఒకసారి రాసి దాచుకోండి. ఏటవాలు గీత కొట్టి ‘ధర’ అనగానే మొత్తం సమాధానం వచ్చి కూర్చుంటుంది. బెల్లంవి, పంచదారవి, డ్రైఫ్రూట్‌వి ఫొటోలతో కేటలాగ్ పెట్టండి. “ఎంతండీ?” అన్న ప్రశ్నకు రోజుకి నలభైసార్లు జవాబు చెప్పే బాధ తప్పుతుంది.

ఇప్పుడు ఆ నోట్‌బుక్. 312 మందినీ వాట్సాప్‌లో, ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే రెండు బ్రాడ్‌కాస్ట్ లిస్టులు చేయాలి, ఒక లిస్టులో 256 మందే పడతారు. ఒక మెలిక ఉంది: మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే ఆ మెసేజ్ వెళ్తుంది. కాబట్టి ప్రతి పెట్టెలో చిన్న చీటీ పెట్టండి, ‘ఈ నంబరు సేవ్ చేసుకుంటే పండగ ముందు కబురు పెడతాం’ అని. శ్రావణం, దసరా, దీపావళి, సంక్రాంతి. ఏడాదికి ఆరేడు మెసేజ్‌లు చాలు. రోజూ గుడ్‌మార్నింగ్ పువ్వులు పంపారో, బ్లాక్ చేస్తారు. ఎక్కువమంది రిపోర్ట్ కొడితే నంబరే పోతుంది. ఒకరి పేరు ఎదురుగా ‘సంక్రాంతి వెళ్లాక అమెరికా తీసుకెళ్తారు, అయిదు పెట్టెలు’ అని రాసుకున్నారట. అది ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేని సమాచారం. ఆవిడకి జనవరి మొదటివారంలో విడిగా ఫోన్ చేయండి.

ఊరుదాటి కారులో వచ్చేవాళ్లు గూగుల్ మ్యాప్స్‌లో ‘పూతరేకులు’ అని కొడతారు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితంగా పెట్టుకోవచ్చు. ఇంటికి అపరిచితులు రావడం ఇష్టం లేకపోతే చిరునామా కనపడకుండా, పంపే ఊళ్ల పేర్లు మాత్రం పెట్టే వీలుంది. పెట్టె మీద లేబుల్ కాన్వా అనే డిజైన్ యాప్‌లో మీ అమ్మాయి అరగంటలో చేసేస్తుంది, తెలుగు ఫాంట్లు ఉంటాయి. ఆ లేబుల్ మీద తయారీ తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. రిజిస్ట్రేషన్ లేకపోతే అన్నిటికన్నా ముందు అది. ఇంకొకటి, మీరు హైదరాబాద్ పంపుతున్నారంటే ఇప్పుడది వేరే రాష్ట్రం. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే టర్నోవర్ తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ నిబంధన మీద పడుతుంది. దగ్గర్లో ఆడిటర్‌ని ఒక్కసారి కలవండి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ జీఐ ముద్ర లేబుల్ మీద వేసుకోవాలన్నా అధీకృత వాడకందారుగా విడిగా నమోదు చేయించుకోవాలి. ఊరివాళ్లమే గదా అని వేసెయ్యకండి.

అయితే ఏడు పెట్టెలు పొడైన చోటే ఆపి మాట్లాడాల్సింది. 19లో ఏడు. పెట్టె బాగుపడకముందు ప్రచారం పెంచితే పెరిగేవి ఆర్డర్లు కాదు, తిట్లు. కొరియర్ వాణ్ణి అంటాం గానీ, అతను మన పెట్టెని ముద్దుగా చూసుకోడు, ఎప్పటికీ చూసుకోడు. పెట్టె లోపల పూతరేకు కదిలే చోటు ఉందేమో చూడండి. చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు వచ్చిందంటే చోటున్నట్టే. లోపల వరసలకి అట్టముక్క అడ్డం, బయట ఇంకో గట్టి పెట్టె, రెంటి మధ్య బబుల్ షీట్. కట్టాక నడుమెత్తు నుంచి నేల మీద మూడుసార్లు పడెయ్యండి. ఆ తర్వాత హైదరాబాద్‌లో మీ చుట్టాలెవరికైనా ఒకటి, బెంగళూరుకి ఒకటి పంపి, తెరుస్తూ వీడియో తియ్యమనండి. దీనికి వెయ్యి రూపాయలవుతుందేమో, మీ అసలు మార్కెటింగ్ ఖర్చు అదే. బాగా చేరిందా, ఆ వీడియోనే మీ కొత్త పేజీలో మొదటి రీల్. విరగకుండా వస్తాయా అన్నదే కొనేవాడి మొదటి భయం, మీ 14 లక్షల రీల్ దానికి జవాబు చెప్పలేదు.

ట్రెండింగ్ పాటలకి డాన్సుల విషయం. బిజినెస్ ఖాతాలకి ఇన్‌స్టాగ్రామ్ సినిమా పాటలు చాలావరకు ఇవ్వదు, హక్కుల గొడవ. మామూలు ఖాతాగా మార్చి వేద్దామనే సలహా ఇస్తారు, దాని తలనొప్పి మీది. పైగా డాన్స్ చూసి వచ్చేవాళ్లు డాన్స్ కోసమే వస్తారు. మీ దగ్గర ఎవరి దగ్గరా లేని చప్పుడు ఉంది: తడిగుడ్డ వేడికుండకి తగలగానే వచ్చే ఆ చుయ్‌మనే శబ్దం, కింద మంట చిటపటలు. పాటేమీ వెయ్యకుండా అదే పెట్టండి. కత్తిరించి అతికించుకోడానికి ఇన్‌స్టాగ్రామ్ వాళ్లదే ఎడిట్స్ యాప్ ఉచితం. మాట్లాడాల్సి వస్తే మీ గోదారి యాసలోనే మాట్లాడండి, టీవీ తెలుగు వద్దు.

అమ్మాయి ముఖం మాత్రం పేజీకి ఎక్కించకండి. నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు. అత్తగారి చేతుల గురించే అలా రాసినవాళ్లు 15 ఏళ్ల పిల్ల గురించి ఏం రాస్తారో మీకు చెప్పక్కర్లేదు. తనకి ఇష్టమైతే వెనకనుండి చేసే పని బోలెడుంది: లేబుళ్లు, లెక్కలు, కేటలాగ్. అదీ పరీక్షలయ్యాకే.

డబ్బు పెట్టి ప్రకటన వెయ్యాలని ఉంటే పెట్టె కుదిరాక, పండక్కి పన్నెండు రోజుల ముందు, రోజుకి 200 చొప్పున అయిదు రోజులు ప్రయత్నించండి. 1,000 ప్రకటనకి, 180 జీఎస్టీ. ఊళ్లు రెండే ఎంచుకోండి, నొక్కితే నేరుగా మీ వాట్సాప్ తెరుచుకునేలా పెట్టండి. అయిదో రోజు లెక్కచూస్తే ఒక్కో ఆర్డరుకి ఎంత పడిందో తేలుతుంది. 80 మిగిలే పెట్టెకి ప్రకటనే 100 పడితే నష్టమేగా అనిపిస్తుంది, కానీ ఆ కొత్తావిడ పేరు నోట్‌బుక్‌లో 313వదిగా చేరి సంక్రాంతికి మళ్లీ అడిగితే ఆ వంద తిరిగొచ్చినట్టే. అడక్కపోతే ప్రకటన ఆపెయ్యండి. స్క్రీన్‌షాట్ చూసి డబ్బు వచ్చిందనుకుని పార్శిల్ కట్టకండి, బ్యాంకు మెసేజ్ చూశాకే కట్టండి. దొంగ స్క్రీన్‌షాట్లు చేసే యాప్‌లే ఉన్నాయిప్పుడు.

ఆఖరుకి మీ అత్తగారు. ఆవిడ కోపం ఆ కామెంట్ మీద కాదేమో అనిపిస్తోంది నాకు. ముప్పై ఏళ్లు మంట దగ్గర కూర్చున్న మనిషిని, “అత్తయ్యా, తియ్యమంటారా?” అని ఆ రోజు ఎవరైనా అడిగారా? ఉత్తరంలో ఆ సంగతి లేదు. కొట్లకి వేసేటప్పుడు రేకులు వందకి ఇంత అని ఆవిడ చేతికి డబ్బు వచ్చేది. ఇప్పుడు చుట్టి అమ్ముతున్నారు, పెట్టెకి 80 మిగులుతుంది అన్నారు. ఆ ఖర్చుల్లో ఆవిడ కూలి ఉందా? లేకపోతే ‘నా చేతులు అమ్ముకుంటున్నావు’ అన్న మాట నిజం కూడా. కొట్టువాడిచ్చే రేటే వందకి లెక్కగట్టి వారంవారం ఆవిడ చేతిలో పెట్టి చూడండి. అప్పుడు మీ 80 కాస్త తగ్గి 55 అవుతుందేమో, అదే మీ అసలు లాభం. ఏజెన్సీ లెక్క కూడా మళ్లీ దాంతోనే వేసి మీవారికి చూపించండి.

వీడియో సంగతి ఆ తర్వాత ఎప్పుడైనా అడగండి, ఒద్దంటే ఒద్దు. మీరు చుట్టేది తీసుకోవచ్చు: తడిగుడ్డతో రేకుని మెత్తబరచడం, నెయ్యి రాయడం, బెల్లంపొడి చల్లి మడత పెట్టడం. అదీ చూడ్డానికి బాగుంటుంది. ఆవిడ ఒప్పుకుంటే ముందు ఆ ‘చేతులు కడుక్కుందో లేదో’ లాంటి మాటలు కనపడకుండా సెట్టింగ్స్‌లో హిడెన్ వర్డ్స్ అని ఉంటుంది, అందులో ‘ముసలి’, ‘చేతులు’, ‘కడుక్కు’ అన్నవి తెలుగులోనూ ఇంగ్లిషు అక్షరాల్లోనూ రాసిపెట్టండి. అన్నిటినీ ఆపలేదు, చాలావాటిని ఆపుతుంది. కామెంట్లు చదివి వినిపించే పని మాత్రం మీ అమ్మాయికి అప్పజెప్పకండి.